ఏడింట ఆరు వంతుల ఇంజను

2000 నవంబరులో నేను ఒక రిజిస్టరు మొదలుపెట్టాను. మా రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడింది కూడా ఆ నెలలోనే కాని, ఆ రెండింటికీ సంబంధం లేదు. నేను తెప్పించుకునే ఒక మాసపత్రిక అక్టోబరులో నూట నాలుగు పేజీలతో వచ్చి, నవంబరులో తొంభై ఆరు పేజీలతో వచ్చింది. ఎనిమిది పేజీలు తగ్గిన సంగతి ఆ సంచికలో ఎక్కడా రాయలేదు. వారు రాయనప్పుడు నేనైనా రాసి పెట్టుకోవాలనిపించింది.

అది హిందీ పత్రిక. ఉత్తరాది నగరం ఒకదాని నుంచి పోస్టులో వచ్చేది. చెక్కతోను, రేకుతోను చిన్న నమూనాలు చేసుకునే సరదా ఉన్నవారి కోసం నడిపేవారు. పడవలు, ఎడ్లబండ్లు, గడియారపు పెట్టెలు, రైలింజన్లు. మా కార్ఖానా ఉద్యోగులుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు ఇళ్లలో సినిమా పత్రికలు, వారపత్రికలు చేతులు మారుతూ తిరిగేవి. ఇది మాత్రం నా క్వార్టరుకే వచ్చేది, అక్కడే ఉండిపోయేది.

రిజిస్టరులో ప్రతి సంచికకు ఒక వరుస. పేజీల సంఖ్య, పేజీ పొడవు వెడల్పులు, బరువు, చివర రిమార్కు. బరువు కోసం వంటింటి తక్కెడ తీసుకునేవాడిని.

"ఏటండీ, పుస్తకాన్ని కూడా తూకం వేస్తారేటి?" అంది మా ఆవిడ మొదటిసారి చూసి. "ఉల్లిపాయలనుకున్నారా?"

"కాగితం పలచనైందేమోనని అనుమానం. పేజీలు లెక్కపెడితే అది తెలియదు."

"మీరూ పలచనయ్యారు. మిమ్మల్నెవరూ రాసుకోటం లేదు కదా."

ఆమెది విజయనగరం వైపు. మాటకు మాట అప్పజెప్పకపోతే నిద్ర పట్టదు. తూకం చూసి, అక్టోబరు సంచిక కంటే పన్నెండు గ్రాములు తక్కువని రాసుకున్నాను.

నా ఉద్యోగం కొలతలు తనిఖీ చేయడం. వ్యాగన్ల కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు అదే పని చేశాను. మా దగ్గరికి వచ్చే ప్రతి ఇంజనీరింగు పటం మూలలో ఒక వాక్యం ఉండేది: పటం మీద కొలవరాదు, రాసిన అంకెనే పాటించవలెను. కార్ఖానాలో చేరినవాడికి మొదటి రోజే చెప్పే మాట అది. కాగితం వానాకాలంలో సాగుతుంది, ఎండాకాలంలో బిగుస్తుంది, నకలు తీసినప్పుడల్లా వెంట్రుకవాసి మారుతుంది. అంకె మారదు. ఒక ఫిట్టరు తొందరలో పటం మీదే స్కేలు పెట్టి కొలిచి బ్రేకు కడ్డీ కోస్తే, అది మూడు మిల్లీమీటర్లు కురచ అయింది. ఆ కడ్డీని తీసి పక్కన పారేయించి, అతని చేత మళ్లీ చేయించాను. అతను నాతో రెండేళ్లు మాట్లాడలేదు. నాకు బాధ కలగలేదు.

ఆ పత్రిక ఆచారం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రతి సంచిక నడుమ ఒక పెద్ద పటం ఉండేది. దాని మీద అంకె ఒక్కటీ ఉండదు. అడుగున "అసలు కొలత" అని మాత్రం రాసి ఉంటుంది. పాఠకుడు ఆ కాగితాన్ని చించి, మైదా బంకతో చెక్క మీద అతికించి, గీత వెంబడి సన్న రంపంతో కోసుకుంటూ పోవాలి. కొలవడం, లెక్క వేయడం అతని పని కాదు. నాకది మొదట్లో చిన్నతనంగా తోచింది. తరువాత తరువాత దాని న్యాయం అర్థమైంది. అంకెలు నిండిన పటం చదవలేని టైలరు, గుమాస్తా, బడిపంతులు కూడా ఆ గీతను నమ్ముకుని ఒక పడవ చేయగలిగేవారు. ఆ నమ్మకం అంతా ఒకే విషయం మీద నిలబడి ఉండేది. అచ్చయిన గీత, గీసిన గీత ఒకే పొడవు ఉండాలి.

2004లో రిటైరై మోవాలో ఇల్లు కట్టుకున్నాక, నాకూ అటువంటి పటం ఒకటి గీయాలనే కోరిక కలిగింది. ఊళ్లో ఒక కార్యాలయం ముందు ఇరుకు పట్టాల చిన్న లైను మీద ఒకప్పుడు నడిచిన ఆవిరి ఇంజను ఒకటి అరుగు మీద నిలబెట్టి ఉండేది. ఆరు చక్రాలది. 2005 జనవరిలో ఐదు ఆదివారాలు టేపు, నోటుపుస్తకం పట్టుకుని దాని చుట్టూ తిరిగాను. రెండో ఆదివారం అక్కడి కాపలాదారు దగ్గరికి వచ్చాడు.

"బబా, కా నాపత్ హవ? కబాడీ కే కామ్ కరథవ్ కా?"

ఏం కొలుస్తున్నావు తాతా, పాత ఇనుము వ్యాపారమా అని. కాదని, బొమ్మ చేయడానికని చెప్పాను. ముసలివాడు బొమ్మ చేస్తాననడం అతనికి ఇనుము దొంగతనం కంటే అనుమానంగా తోచింది. మిగిలిన మూడు ఆదివారాలూ నా వెనకాలే నడిచాడు. ఐదో వారం టేపు రెండో కొస పట్టుకున్నాడు.

పటం పూర్తి కావడానికి పదకొండు వారాలు పట్టింది. భోజనాల బల్ల మీద పరిచి గీశాను. అన్ని రోజులూ మేమిద్దరం కింద కూర్చుని తిన్నాం. పక్క ఫ్రేము పొడవు 252 మిల్లీమీటర్లు. ఇరుసుకూ ఇరుసుకూ నడుమ దూరం 42. చక్రాలు మాత్రం ఎవరూ ఇంట్లో చేసుకోలేరు కాబట్టి, పత్రిక వెనక అట్ట మీద ప్రకటన వేసే దుకాణం అమ్మే ఇత్తడి చక్రాలనే ఎంచుకున్నాను. వాటి వ్యాసం 38. పక్కపక్క చక్రాల నడుమ నాలుగు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. పత్రిక పేజీ పొడవు 28 సెంటీమీటర్లు, వెడల్పు 21. ఫ్రేము అందులో చక్కగా ఇముడుతుంది. మొత్తం అరవై ఒక్క అంకెలు రాసి పంపాను.

పటం వెనక్కి వచ్చింది. చాలా బాగుందని, అయితే అంకెలు తీసేసి మళ్లీ పంపమని సంపాదకుడు రాశాడు. రంపం నడిచే చోట అంకెలుంటే పాఠకులు తికమక పడతారట. తొమ్మిది రోజులు ఆలోచించాను. నేను ముప్పై నాలుగేళ్లు ఎదుటివారిని దేనికి తప్పుపట్టానో అదే నన్ను చేయమంటున్నారు. చేయనని రాసి ఊరుకోవచ్చు. కాని పటం కింద నా పేరు, మోవా రాయపూర్ అని అచ్చులో పడుతుంది. కార్ఖానాలో నేను వేల కాగితాల మీద సంతకం పెట్టాను. ఒక్కటీ అచ్చయినది కాదు. పదో రోజున బల్ల దగ్గర కూర్చుని, అంకెలు లేని నకలు తీశాను. అడుగున "అసలు కొలత" అని హిందీలో అందంగా రాశాను.

2005 డిసెంబరులో జవాబు వచ్చింది. స్వీకరించాం, వరుసలో వేస్తాం అని.

ఆ వరుస ఎనిమిదిన్నరేళ్లు నడిచింది. ఈ లోపల పత్రికకు ఏమైందో నా రిజిస్టరు చెబుతుంది. 2007లో ఎనభై ఎనిమిది పేజీలు. 2009లో ఎనభై. నాలుగు పేజీల పాఠకుల ఉత్తరాలు ఒక పేజీ అయ్యాయి. ఆ ఉత్తరాల్లో ఒకరి తప్పు మరొకరు దిద్దేవారు. బంక ఎందుకు ఊడిందో, ఏ చెక్క ఎందుకు చీలిందో అక్కడే తేలేది. 2010లో అరవై నాలుగు పేజీలు. 2011లో విడిగా మడిచి పెట్టే పెద్ద పటం పోయి, పేజీల్లో కలిసిపోయింది. 2012లో ఉత్తరాల పేజీ ఎత్తేశారు. ధర పెరిగింది. దానికి నా ఫిర్యాదు లేదు, అన్నీ పెరిగాయి. ధర పెరిగిన సంచికలోనే వస్తువు తగ్గడం, తగ్గిన ప్రతిసారీ సంపాదకీయంలో "కొత్త హంగులతో" అని రాయడం, అదీ నేను భరించలేకపోయింది.

2013 ఏప్రిల్ సంచిక కవరు విప్పగానే చేతికి తేడా తెలిసింది. పొడవు 24, వెడల్పు 18. ప్రయాణాల్లో పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని పరిమాణం మార్చామని రాశారు. రైల్లో కూర్చుని రంపంతో చెక్క కోసేవాళ్లను నేనింతవరకు చూడలేదు. రిమార్కు గడిలో ఎర్ర సిరాతో రాశాను: పేజీ వైశాల్యం 588 చదరపు సెంటీమీటర్ల నుంచి 432కు పడిపోయింది, పోయినది 156, నాలుగో వంతు కంటే ఎక్కువ. రెండుసార్లు సరిచూసి రాశాను.

ఆ రోజు నేను వేయని లెక్క ఒక్కటే. నా ఫ్రేము పొడవు 25.2 సెంటీమీటర్లని నాకు కంఠతా వచ్చు. పేజీ 24 అని నా చేత్తోనే రాశాను. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పత్రిక ఎలా పాడైపోతోందో నిరూపించడంలో మునిగి ఉన్నాను. వాళ్ల బీరువాలో పడి ఉన్న నా పటం సంగతి తలపుకు రాలేదు.

2014 జూలైలో అది అచ్చయింది. యాభై ఆరు పేజీల సంచిక. కొత్త వ్యాసాలు రాసేవారు కరవై, పాత కట్టలు విప్పుతున్నారని తరువాత తెలిసింది. నా పేరు ఒక్క అక్షరం పొల్లు పోకుండా పడింది. కింద "అసలు కొలత" అని ఉంది. పేజీలు లెక్కపెట్టాను, తూకం వేశాను, పేజీ కొలిచాను. పటం కొలవలేదు.

మా ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"మన బల్ల మీద ఇంకా పెద్దగా ఉండేదండీ."

"బల్ల మీద పెద్ద కాగితం. ఇది చిన్న కాగితం. అందుకని అలా కనిపిస్తుంది."

"రెండు వారాలు తక్కువ మూడు నెల్లు కింద కూకుని తిన్నాను నేను. నాకు తెలీదా దాని సైజు?"

"కంటి అంచనాకు విలువ లేదు," అన్నాను. ఆ మాట అన్నట్టు నాకు స్పష్టంగా గుర్తుంది. సాయంత్రం ఆ సంచికను సంచిలో పెట్టుకుని పార్కుకు వెళ్లి నలుగురికి చూపించాను.

సెప్టెంబరులో దగ్గరి ఊరు తిల్దా నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. తెలుగులో ఉంది. రాసినాయన అక్కడి బియ్యం మిల్లులో ఫిట్టరు. నా పేరు చూసి తెలుగువాణ్ణని గ్రహించి రాశానన్నాడు. ఫ్రేములు కోశాడు, చక్రాలు తెప్పించాడు, బిగించబోతే చక్రాలు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. చివరి వాక్యం యథాతథంగా ఇది: "తప్పు నాదా, మీదా, తెలియజేయగలరు."

స్కేలు తీసి పటం మీద పెట్టాను. ఫ్రేము 216 మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచాను. 252లో 216 అంటే ఏడింట ఆరు వంతులు. 28లో 24 కూడా అంతే. పేజీలో పట్టడానికి పటాన్ని కుదించారు, కింది వాక్యాన్ని కుదించలేదు. ఇరుసుల నడుమ 42 ఉండవలసినది 36 అయింది. 38 వ్యాసమున్న చక్రాలు 36లో ఎలా తిరుగుతాయి? ఇత్తడి చక్రాలు పత్రికతో పాటు చిక్కిపోవు కదా.

పత్రికకు ఫోను చేశాను. కొత్త సంపాదకుడు, కుర్రగొంతు.

"సాబ్, పేజ్ ఛోటా హువా తో నక్షా భీ ఛోటా హోగా న," అన్నాడు, పేజీ చిన్నదైతే పటమూ చిన్నదవుతుందని నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు.

అయితే అసలు కొలత అని ఎందుకు వేశారని అడిగాను. అది నేనే రాసి పంపానని, లేఖకుడి మాట వాళ్లు మార్చరని చెప్పాడు. సవరణ వేయమన్నాను. మూడు పంక్తులు చాలన్నాను. స్థలం లేదన్నాడు. పాఠకుల ఉత్తరాల్లో వేయమంటే, ఆ శీర్షికే లేదు కదా అని గుర్తుచేశాడు. మరొక్క ఫిర్యాదు కూడా రాలేదన్నాడు. రాయడానికి చోటు తీసేశాక ఎలా వస్తుందని నేనడిగితే నవ్వాడు. ఎన్ని ప్రతులు వేశారో చెప్పమన్నాను. అది చెప్పకూడదట.

తప్పు పత్రికదని తిల్దాకు కార్డు రాసి పడేయవచ్చు. రెండు కార్డులు రాసి చించాను. పటం మీద 252 అన్న ఒక్క అంకె ఉండి ఉంటే, అది ఏ సైజులో అచ్చయినా మిల్లు ఫిట్టరుకు స్కేలు పెట్టగానే తెలిసిపోయేది. ఆ అంకె తీసేసిన చేయి నాది. అరవై ఒక్క అంకెలున్న మొదటి పటానికి పెద్ద నకలు తీయించి, గొట్టంలా చుట్టుకుని, బిలాస్‌పూర్ వైపు వెళ్లే లోకల్ ఎక్కాను.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం నుంచి తండ్రి కాలంలో వచ్చారు. తండ్రి కార్ఖానాలోనే వడ్రంగి, నాకంటే ముందే రిటైరయ్యాడు. వరండాలో ఒక బల్ల మీద ఇంజను ముక్కలు వరుసగా పేర్చి ఉన్నాయి. నా గీతలున్న కాగితం ఇంకా వాటికి అంటుకునే ఉంది. కోత చూశాను. గీతకు అటూ ఇటూ అర మిల్లీమీటరు తేడా లేదు. అంత శుభ్రంగా తప్పు కొలతకు కోసిన పని నేను కార్ఖానాలో కూడా చూడలేదు.

"టేకు ఎక్కడిది?" అన్నాను.

"మా నాన్న పనిముట్ల పెట్టి మూత సార్. నలభై ఏళ్లు వాడేడు. ఆయన పోయాక ఏటి సేద్దామా అనుకుంటంటే మీ ఇంజను కనబడింది. ఆయనెక్కొచ్చిన బండి అదే మరి. బాగుంటాదని కోసీసేను."

నేను పటం పరిచి, జరిగింది చెప్పాను. పేజీ కొలతలు, కుదింపు, సంపాదకుడి మాటలు, వరుసగా తేదీలతో సహా. ఆయన చివరిదాకా విని, పటం మీది అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు.

"ఇన్ని అంకెలున్నాయి కదా సార్. ఇందులో ఒక్కటేసినా నాను పట్టీసుందును. మిల్లులో నా పనే అది."

"వాళ్లు తీసేయమన్నారు."

"మీరు తీసీసేరు."

"తీసేశాను."

"ఆపీసరు కదా మీరు. తెలీదేటి?"

"తెలుసు."

ఆయన లోపలికి వెళ్లి టీ తెచ్చాడు. టీ తాగుతూ, కొత్త టేకు నేను కొని పంపుతానన్నాను.

"కొత్త టేకైతే ఇంజనెందుకు సార్, పీట సేసుకుంటాను." కప్పు కింద పెట్టి, చక్రం ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పాడు. "ముక్కలు సరిగ్గానే ఉన్నాయి కదా. అన్నీ ఒక్కలాగే తగ్గేయి. ఇదొక్కటే తగ్గలేదు. మిల్లులో లేతు మిషను ఉంది. దీన్ని తగ్గించీస్తే?"

నాకు ఆ ఆలోచన రాలేదు. వచ్చి ఉంటే కొట్టిపారేసేవాడిని. ఆ చక్రాలు ఏ పట్టాలకూ సరిపోవు. ఆ ఇంజను దేనికీ నమూనా కాదు.

"పట్టాలు కూడా నానే ఏస్తాను సార్. మీరు లెక్క సెప్పండి."

అరవై ఒక్క అంకెలనూ ఆరుతో గుణించి ఏడుతో భాగిస్తూ మూడు గంటలు కూర్చున్నాను. చక్రం 38కి బదులు 32.57. కొన్ని ఇంకా అసహ్యంగా వచ్చాయి. కాగితం ఆయన చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు.

"సంతకం ఎట్టండి సార్. ఈపాలి తప్పయితే ఎవుల్ని అడగాలో తెలవాలి కదా."

సంతకం పెట్టి తేదీ వేశాను.

2015 జనవరిలో ఆయన ఫోను చేశాడు. ఇంజను వరండాలో తిరుగుతోందట, వచ్చి చూడమన్నాడు. వస్తానన్నాను. వెళ్లలేదు. సవరణ కోరుతూ పత్రికకు పద్నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. చందా మాత్రం ఆపలేదు. సవరణ వేస్తే చూడకుండా పోతానేమోనని భయం.

2018 ఆగస్టు సంచిక ముప్పై రెండు పేజీలు. పొడవు 21, వెడల్పు పదిహేనూ ముప్పావు. అట్ట లోపలి పేజీలతో సమానంగా పలచబడింది. నడి పేజీలో నా ఇంజను మళ్లీ ఉంది. పాఠకుల కోరికపై పునర్ముద్రణ అని రాశారు. కింద నా పేరు, దాని కింద అసలు కొలత. ఈసారి ముందుగా స్కేలు తీశాను. 189 మిల్లీమీటర్లు.

ఫోను ఎవరికి చేయాలో తోచక కూర్చుని ఉండగా అదే మోగింది. తిల్దా నుంచి.

"సార్, పుస్తకం సూసేరా? మీ ఇంజను మళ్లీ తగ్గింది." ఆయన నవ్వుతున్నాడు. "పెట్టి అడుగు సెక్క ఇంకా ఉంది నాకాడ. ఈపాలి సక్రం ఎంత?"

నేను నవ్వలేకపోయాను. ముప్పై ఎనిమిదిలో నాలుగింట మూడు వంతులు.

"ఇరవై ఎనిమిదిన్నర," అన్నాను.